మాయమైన ఊళ్ల యాత్రా వ్యాసం గారికి, కోరంగి నుంచి

అయ్యా యాత్రా వ్యాసం గారూ,

మీరు మళ్లీ మా కోరంగి వచ్చి వెళ్లారని తెలిసింది. ఈసారి కూడా మడ అడవుల్లో చెక్కబాట మీద నడిచి, పొద్దుగూకే వేళ ఫోటో తీసుకుని, ‘సముద్రం మింగేసిన నగరం’ అని హెడ్డింగు పెట్టేశారు. చిన్న మనవి. మేం ఇంకా ఇక్కడే ఉన్నామండి. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది.

1839 నవంబరు ఉప్పెన నిజమే. 1789లోనూ ఒకటొచ్చింది. కానీ మూడు లక్షల మంది పోయారు, ఇరవై వేల ఓడలు మునిగాయి అంటూ పాత వ్యాసంలోంచి కొత్త వ్యాసంలోకి తోడిపోస్తుంటారే, అన్ని ఓడలు ఈ రేవులో ఎక్కడ కట్టేశారంటారు? గోదారి మేట వేసి రేవు పూడిందనీ, వ్యాపారం కాకినాడకి మళ్లిందనీ రాస్తే మీకు రుచించదు. మేటకి కన్నీళ్లు రావు కదా. తాళ్లరేవు వైపు ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. అదీ రాయరు, బతికున్న పని మరి.

మీరు నిట్టూర్చిన చోటికి దగ్గర్లోనే గాడిమొగ. సముద్రం అడుగున తవ్వితీసే కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ డీ6 గ్యాసు ఒడ్డెక్కేది అక్కడే. 2009 ఏప్రిల్లో మొదలై, మరుసటి ఏడాదికి రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్లకి చేరి, ఆ తర్వాత ఢామ్మని పడింది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం. ఇంతకంటే పెద్ద యాత్ర మీరు చేశారా? దాని మీద ఒక్క పేరా లేదు. తవ్వకాలతో వేట పోయిందని పరిహారం అడిగిన మత్స్యకారులూ మీ ఫోటోలో పడలేదు. (మా వంటింటి సిలిండర్లో ఉండేది ఈ గ్యాసు కాదు, ఎల్పీజీ. అయినా సిలిండర్ లేటైతే మా వీధిలో తిట్లు గాడిమొగకే.)

శిథిలాలే కావాలంటే సామర్లకోట వెళ్లండి. అక్కడ 2,400 మెగావాట్ల గ్యాసు కరెంటు కేంద్రం కట్టారు. కట్టేసరికి ఇవ్వడానికి గ్యాసు లేదు. కొంత సామగ్రి బంగ్లాదేశ్‌కి తరలిపోయింది. తుపానూ లేదు, ఉప్పెనా లేదు కాబట్టి హెడ్డింగు కొంచెం కష్టమే. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర నించుని నిట్టూర్చండి, దానికి టికెట్ లేదు.

ఇట్లు,
మునిగిపోయిన ఊళ్లో ఇంటిపన్ను కడుతున్న ఒకడు