సమురాయ్ జంట కత్తులు: జత కుదిర్చేది ఉక్కు కాదు

జపాన్ యోధులైన సమురాయ్‌ల గురించి ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. వాళ్ళ నడుముకు ఉండే రెండు కత్తులూ ఒకే కమ్మరి ఒకే ఉక్కుతో చేసిన కవలలట. పెద్దది శత్రువుకి, చిన్నది తన కడుపు తాను కోసుకోవడానికట. పిడి మీద, ఒర మీద పనితనమంతా డాబేనట. రెండింటి మీదా ఒకే కమ్మరి పేరు లేకపోతే ఆ జత నకిలీ అట.

ముందు చిన్న కత్తి సంగతి. దాని పేరు వాకిజాషి, అలుగు 30 నుంచి 60 సెంటీమీటర్లు. ఎవరింటికైనా వెళ్తే పెద్ద కత్తి కటానాను గుమ్మం దగ్గర తీసేసేవారు, చిన్నది మాత్రం నడుముకే ఉండేది. 1701లో ఎదో నగరం (నేటి టోక్యో) కోటలో అసానో నగనోరి అనే ప్రభువు కిరా అనే కొలువు అధికారి మీద దూసింది కూడా పొట్టి కత్తే. అదే రోజు అసానోకి ఆత్మహత్య శిక్ష పడింది. ఆ తంతుకి ఎక్కువగా పిడి తీసేసి కాగితం చుట్టిన బాకును పళ్ళెంలో పెట్టి తెచ్చేవారు. వాకిజాషితో కడుపు కోసుకున్నవాళ్ళు లేరని కాదు, కానీ అది ఉన్నది అందుకే అనడం తప్పు. వ్యాపారులు కూడా పొట్టి కత్తి పెట్టుకునేవారు, మరి వాళ్ళకెందుకు? సమురాయ్‌కే పరిమితమైన గుర్తు రెండూ కలిపి ధరించడం.

ఇక కవలల మాట. ఈ జతను జపనీయులు 'దైషో' అంటారు. పెద్దదీ చిన్నదీ అని అర్థం, అంతే. ఒకే కమ్మరి జంటగా చేసినవి ఉన్నాయి కానీ అరుదు. తాతగారి కటానాకి ఇంకెక్కడో దొరికిన వాకిజాషిని కలుపుకోవడం మామూలే. పిడిలో ఒక చిన్న వెదురు మేకు ఉంటుంది. దాన్ని తీస్తే పిడి, చేతి కాపు, అలుగు అన్నీ విడిపోతాయి. అందుకే ఒకే అలుగుకి వేరే పిడి, వేరే ఒర తొడగొచ్చు. రెండు వేర్వేరు అలుగుల్ని జత చేసేది ఆ తొడుగే.

డాబు అన్న మాట మాత్రం నాకు నిజంగా బాధగా ఉంది. కోట కొలువుకి వెళ్ళే జత ఎలా ఉండేదో చూడండి. నల్ల లక్క ఒరలు, తెల్లటి టేకు చేప తోలు మీద నల్ల పట్టు చుట్టు. పెద్ద కత్తి ఒర చివర బల్లపరుపుగా, చిన్నదాని ఒర చివర గుండ్రంగా. డాబు చేసేవాడు ఇంత నలుపు ఎంచుకుంటాడా? ఆ తోలు గరుకు వల్లే చుట్టు జారదు. పిడి మొదట్లో ఉండే పట్టీని 'షకుడో' అనే మిశ్రలోహంతో చేసేవారు. రాగిలో నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళు బంగారం కలిపి, ద్రావణంలో ఉడికిస్తే నీలిఛాయ నలుపు తేలుతుంది. అది రంగు కాదు, లోహం తొడుక్కున్న చర్మం. దాని మీద చేపగుడ్లలా వరుసలు తప్పని సన్నటి చుక్కలు, ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవే. కత్తి తొడుగుల లోహపు పనివాళ్ళైన గోతో కుటుంబం తరతరాలుగా ఈ పనే చేసింది. పెద్ద కత్తి మీదున్న పనే చిన్నదాని మీదా కనిపిస్తుంది, కాస్త చిన్న కొలతలో. జతకి అసలు సాక్ష్యం అక్కడుంది.

1876లో జపాన్ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించాక చాలా జతలు చెదిరిపోయాయి. చేతి కాపు ఒకరి చేతికి, ఒర ఇంకొకరికి, అలుగు మరొకరికి వెళ్ళాయి. కమ్మరి పేర్లు కలవలేదని ఒక జతను నకిలీ అనేస్తే, దాన్ని విడివిడిగా అమ్ముకోవడానికి ఇక ఎవరూ వెనకాడరు.