సవరణ: ఫోర్డ్ రోజుకు 5 డాలర్లు ఎందుకిచ్చాడు

సిబ్బంది ప్రణాళిక గురించి మొన్న రాసిన పోస్టులో, హెన్రీ ఫోర్డ్ 1914లో కూలి రెట్టింపు చేసింది తన కార్మికులే తన కార్లు కొనుక్కోవాలని అన్నాను. అది తప్పు. ఎప్పుడో విన్న మాటను సరిచూసుకోకుండా రాసేశాను.

ఆ కంపెనీ పాత లెక్కలు చూసిన కార్మిక చరిత్రకారులు చెప్పే కారణం వేరు. డెట్రాయిట్ పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో 1913లో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చింది, అంటే కారు కదులుతూ ముందుకొస్తుంటే ఒక్కొక్కరు ఒక్కో భాగం బిగించే పద్ధతి. పొద్దస్తమానం ఒకటే పని, అదీ యంత్రం వేగంతో. విసుగెత్తి జనం మానేసేవారు. సుమారు 14 వేల మంది ఉండాల్సిన చోట ఆ ఒక్క ఏడాదే 52 వేల మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టే! వచ్చిన ప్రతివాడికీ మళ్లీ మొదటినుంచి పని నేర్పే ఖర్చుతో పోలిస్తే కూలి పెంచడమే చవక. పెంచాక పని మానేసేవారు బాగా తగ్గారు. పనిగంటలు కూడా 9 నుంచి 8కి దించి, రోజుకు మూడు షిఫ్టులు పెట్టారు.

ఇంకొకటి: "అందరికీ 5 డాలర్లు" అన్నదీ సరికాదు. అసలు కూలి 2.34 డాలర్ల దగ్గరే ఉంది, మిగతాది లాభంలో వాటా. దానికి ఆరు నెలల సర్వీసు ఉండాలి. పైగా కంపెనీ మనుషులు ఇంటికొచ్చి తాగుడు, పొదుపు సంగతులు ఆరా తీసేవారు (ఈ ముక్క చదివాక నాకు ఫోర్డ్ మీద ముచ్చట తగ్గింది).

పాత పోస్టులో ఆ పేరా మార్చాను.