ఏడో సర్టిఫికెట్టుకు ఓ లేఖ

శ్రీయుత శిక్షణా సర్టిఫికెట్టు గారికి అని మొదలుపెట్టాను గానీ, ఏడుసార్లు మా ఇంటికి వచ్చినవాడివి, ఇంకా మీరు గీరు ఏంటి. నువ్వనే పిలుస్తా.

మీ అన్నలు ఆరుగురూ క్షేమం. బీరువాలో ఒకే ఫోల్డర్లో పడుకుని ఉన్నారు. పెద్దవాడికి లామినేషన్ అంచు కాస్త లేచింది. మూడోవాడి మీద నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది కాబట్టి ఆ కోర్సు వేరే ఆవిడెవరో పాసయినట్టు లెక్క, ఆవిడకైనా ఉద్యోగం వచ్చిందేమో కనుక్కోవాలి. నువ్వు మాత్రం మెరిసిపోతున్నావు. బంగారు రంగు అంచు, రెండు సంతకాలు, మూలన క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే "పేజీ దొరకలేదు" అని వచ్చింది. పోనీలే, నాకూ ఉద్యోగం దొరకలేదు, ఇద్దరం ఇద్దరమే.

నా సంగతి నీకు తెలియదు (నీ మీద సంతకం పెట్టినవాళ్ళకీ తెలియదు, ఎవరూ అడగలేదు). 31 ఏళ్ళు ఒక కంపెనీలో జీతాల సెక్షన్లో పనిచేశాను. మొదట లెడ్జర్ పుస్తకాలు, తర్వాత నల్ల తెర మీద పచ్చ అక్షరాల కంప్యూటర్, ఆ తర్వాత ఎక్సెల్, ఆఖరికి క్లౌడ్. మూడుసార్లు సిస్టం మారింది, మూడుసార్లూ నెలాఖరుకి అందరి జీతాలూ పడ్డాయి. నాలుగోసారి సిస్టంతో పాటు నన్నూ మార్చేశారు. అప్పటికి నాకు 56.

ఉద్యోగం పోయినవాళ్ళకి మళ్ళీ పని దొరికేలా నేర్పుతామంటే, అలా చేరాను మీ శిక్షణలో. మొదటి రోజు మొదటి పాఠం, "ఇది మౌస్". చెప్పిన పిల్లాడు మంచివాడే, వాణ్ణి ఏమీ అనను. "భయపడకండి మేడమ్, మెల్లగా పట్టుకోండి" అన్నాడు. మౌస్ కడుపులో రబ్బరు బంతి ఉండే రోజుల్లో ఆ బంతి బయటికి తీసి, లోపలి రోలర్లకి పట్టిన మట్టి గోటితో గీకి మళ్ళీ పెట్టిన చెయ్యి నాయనా ఇది, అన్నాను. "మౌస్‌లో బంతి ఏంటి మేడమ్" అని నవ్వేసి, నా పేరు ఎదురుగా 'బిగినర్' అని రాసుకున్నాడు. ఏడు కోర్సులు అయ్యాయి, ఇంకా బిగినర్నే.

రెండో వారం రెజ్యూమె. అసలు విద్య ఇక్కడుంది. 31 ఏళ్ళలో చివరి 10 ఉంచి మిగతావి కొట్టెయ్యాలి. డిగ్రీ పాసయిన సంవత్సరం తీసెయ్యాలి. 'అనుభవం' అన్న మాట తగ్గించి 'ఉత్సాహం' అన్న మాట పెంచాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సర్వీసు పెంచుకున్నాం, ఇప్పుడు అదే సర్వీసుని దొంగసొత్తులా ఎక్కడ దాచాలో నేర్పించడానికి మూడు రోజులు పట్టింది, దానికొక వర్క్‌షీట్ కూడా. సరే, అంతా దాచాం. దాచి ఆన్‌లైన్ అప్లికేషన్ తెరిస్తే రెండో గడిలోనే "డిగ్రీ పూర్తయిన సంవత్సరం", పక్కన ఎర్ర నక్షత్రం, నింపకపోతే ముందుకు కదలదు. ఈ ఏడాది నుంచి వెనక్కి జరుపుకుంటూ పోవాలి. 2010 దాటింది, 2000 దాటింది, నా సంవత్సరం వచ్చేసరికి సెషన్ టైమ్ ముగిసిందని మళ్ళీ మొదటికి పంపింది.

ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో కూడా నేర్పారులే, దాని గురించి రాయను.

ఇంటర్వ్యూలంటే గుర్తొచ్చింది. ఒకచోట "మీరు ఓవర్‌క్వాలిఫైడ్ అండీ" అన్నారు. ఇంకోచోట "మా టీం అంతా యంగ్" అన్నారు, నేను వెళ్తే అందరూ ముసలివాళ్ళయిపోతారన్నట్టు. మూడోచోట ఓ పాతికేళ్ళ అబ్బాయి చాలా మర్యాదగా, "మీరు ఎన్నాళ్ళు పనిచెయ్యగలరు?" అని అడిగాడు. కిందటి ఉద్యోగంలో 31 ఏళ్ళు చేశాను బాబూ, మరి మీరో, అన్నాను. నాలుగేళ్ళలో అతనికి ఇది మూడో కంపెనీ. ఇద్దరం కాసేపు టీ కప్పుల వంక చూసుకున్నాం.

ఇవన్నీ నా ఒక్కదాని ఏడుపే అనుకునేదాన్ని, కాదట. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. లేని మనుషుల పేరిట 40 వేలకు పైగా ఉద్యోగ దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకటే, తేడా వయసులోనే. ఆఫీసు ఉద్యోగాలకి 65 దరిదాపుల్లో ఉన్న ఆడవాళ్ళుగా పెట్టుకున్న దరఖాస్తులకి వచ్చిన పిలుపులు, 30 ఏళ్ళవాళ్ళుగా పెట్టినవాటికి వచ్చినవాటిలో దాదాపు సగం. గమనించావా, పుట్టనే పుట్టని ఆడవాళ్ళకి మౌస్ పట్టుకోవడం వచ్చా రాదా అని అడిగే అవకాశం కూడా లేదు. అయినా వద్దన్నారు. మరి నువ్వు ఏ లోటు తీర్చడానికి పుట్టావో ఒకసారి ఆలోచించుకో. తలుపు అవతల గడియ పెట్టుకుని కూర్చుంటే, ఇవతల నిలబడ్డవాళ్ళకి తలుపు తట్టే పద్ధతి మీద ఏడు కోర్సులు పెట్టారు.

గడియ దగ్గరికి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. జపాన్‌లో ఉద్యోగులకి 65 ఏళ్ళు వచ్చేదాకా పని చూపించే బాధ్యత చట్టం కంపెనీల నెత్తిన పెట్టింది, 70 దాకా ప్రయత్నించండని 2021 నుంచి చెబుతోంది. అదేం స్వర్గం కాదు, 60 దాటాక మళ్ళీ తీసుకున్నవాళ్ళకి జీతం బాగా కోసేయడం అక్కడ మామూలే. కానీ హోంవర్క్ కంపెనీకి ఇచ్చారు, నాకు కాదు. అమెరికాలో 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద ఒక పథకం నడుస్తోంది. 55 దాటి, పని లేక, ఆదాయం పేదరికపు గీతకి 125 శాతం మించనివాళ్ళు సేవాసంస్థల్లో వారానికి సగటున 20 గంటలు పనిచేస్తూనే నేర్చుకుంటారు, కనీస వేతనానికి తగ్గకుండా ఇస్తారు. ఒక మనిషికి మొత్తం మీద 48 నెలలే. ఆ తర్వాత వయసు తగ్గుతుందన్న నమ్మకం కాబోలు. అయినా నేర్చుకున్న గంటకి డబ్బు చేతిలో పడుతుంది, నీలాంటి కాగితం కాదు.

పేర్లు పెట్టడంలో మాత్రం మీ వంశానికి సాటి లేదు. భారతదేశంలో 60 దాటినవాళ్ళ కోసం 2021 అక్టోబర్ 1న ఒక ఉద్యోగాల పోర్టల్ తెరిచి 'సేక్రెడ్' (పవిత్రం) అన్నారు, ఆ ఇంగ్లీషు అక్షరాలు విడదీస్తే అందులో 'గౌరవంగా తిరిగి ఉపాధి' అని వస్తుంది. ఉద్యోగం మాట ఎలా ఉన్నా ముందు గౌరవం.

నీ మీద పూర్తిగా నింద వేస్తే కళ్ళు పోతాయి. మా మూడో బ్యాచ్‌లో ఒక పెద్దాయన, బతుకంతా డ్రైవింగ్ చేసి మోకాళ్ళు అరిగిపోయినాయన, నిజంగానే కీబోర్డు ముట్టనివాడు. ఆయన్ని ఒక గోడౌన్‌లో మూడు నెలలు సరుకు ఎంట్రీ పనిలో కూర్చోబెట్టారు, అక్కడివాళ్ళు ఉంచేసుకున్నారు. ఆయన సర్టిఫికెట్ తీసుకోవడానికి కూడా రాలేదు, డ్యూటీ ఉందన్నాడు.

నా లెక్క వేరేగా తేలింది. కోర్సయిన 90 రోజులకి శిక్షణ కేంద్రం నుంచి ఫోన్. "ఇప్పుడేం చేస్తున్నారు మేడమ్?" ఏమీ లేదమ్మా, మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు వ్యాపారం లెక్కలు కాస్త చూసిపెట్టాను, ఊరికే. "సూపర్ మేడమ్, స్వయం ఉపాధి!" అని టిక్కు పెట్టేసుకుంది. అలా వాళ్ళ రిపోర్టులో నేను రెండుసార్లు ఉపాధి పొందాను. జీతాల సెక్షన్లో ఇలాంటి ఎంట్రీ వేసి ఉంటే నన్ను 56 దాకా ఉంచేవాళ్ళు కాదు.

నిన్న మళ్ళీ ఫోన్. ఎనిమిదో బ్యాచ్‌కి ఒక్కరు తక్కువయ్యారట, శుక్రవారం లోపు సంఖ్య నిండకపోతే మంజూరు కాదట, రాగలరా అని. ఈసారి కోర్సు ఏంటమ్మా అంటే, "జీతాల లెక్కలు మేడమ్, పేరోల్. చెప్పేవాళ్ళు ఇంకా దొరకలేదు, చూస్తున్నాం" అంది. నా గుండె కాసేపు ఆగి కొట్టుకుంది. అది నేనే చెప్తాను కదమ్మా, అన్నాను.

కీబోర్డు చప్పుడు వినిపించింది, చూస్తున్నట్టుంది.

"సారీ మేడమ్, ట్రైనర్ పోస్టుకి 40 లోపే ఉండాలట. స్టూడెంట్‌గా రాసుకోనా?"

ఫోల్డర్లో చోటు చేస్తున్నాను. నువ్వు కాస్త పక్కకి జరుగు.

ఇట్లు,
బిగినర్