వెయ్యిలో 768 కోత

నిన్న ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ వైవా అయింది. చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాది ఒక బుల్లి కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్ నడపగలిగేలా మార్చే సాఫ్ట్‌వేర్. మేం కనిపెట్టిన భాషను పైథాన్ చదివి ఎల్‌ఎల్‌వీఎం ఐఆర్ అనే మధ్యంతర కోడ్‌గా మారుస్తుంది. ఎల్‌ఎల్‌వీఎంలైట్ అనే పైథాన్ లైబ్రరీ దాన్ని ఆబ్జెక్ట్ ఫైల్ (మెషీన్ కోడ్) చేస్తుంది. జీసీసీ అనే కంపైలర్‌తో లింక్ చేయిస్తే, అంటే ముక్కలన్నీ కలిపిస్తే, నడిపే ప్రోగ్రాం (ఎగ్జిక్యూటబుల్) రెడీ. లింకర్ పెట్టిన తిప్పలు రాయను, రాస్తే బూతులొస్తాయి. జవాబు చూపించడానికి ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్‌ని పిలుద్దామంటే మా గైడ్ సారు "అదంతా ఎందుకయ్యా, మెయిన్ నుంచి రిటర్న్ చేసెయ్, షెల్‌లో ఎకో డాలర్ క్వశ్చన్ మార్క్ కొడితే కనిపిస్తుంది" అన్నారు. షెల్ అంటే కమాండ్లు కొట్టే కిటికీ, ఆ కమాండ్ ఇప్పుడే ముగిసిన ప్రోగ్రాం ఇచ్చిన అంకెను చూపిస్తుంది. రెండూ మూడూ కూడితే అయిదే వచ్చింది. అంతకు మించిన లెక్క ఎవరికి కావాలి?

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి కావాలి. ఆయన సమోసా తుంచుతూ "అయిదొందలు ప్లస్ అయిదొందలు ఇవ్వు" అన్నారు.

ప్రొజెక్టర్ మీద 232.

వెనక బెంచీకి కూడా కనపడాలని ఫాంట్ పెంచి పెట్టింది నేనే. కనపడింది. "జీఎస్టీ కట్ అయిందిరా" అని అక్కణ్ణుంచే వినపడింది. నేను గంభీరంగా "ఓవర్‌ఫ్లో సార్" అన్నాను. "వెయ్యికేనా?" అన్నారాయన. నిజమే, ఓవర్‌ఫ్లో అంటే అంకె చోటు పట్టక పొర్లడం, మా 32 బిట్ల ఐ32లో 214 కోట్ల దాకా పడుతుంది. ఐఆర్ తెరిచాను. ఆప్టిమైజర్ కూడిక ముందే చేసేసి "రెట్ ఐ32 1000" (వెయ్యి తిరిగివ్వు) అని శుభ్రంగా రాసిపెట్టింది. "మరి 768 ఎవరు తిన్నారు?"

తిన్నది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం. ప్రోగ్రాం ముగుస్తూ ఇచ్చే అంకెలో కింది 8 బిట్లే షెల్‌కి చేరతాయి. 255 దాటిందా, 256 చొప్పున కోత. అసలది పని సవ్యంగా ముగిసిందో లేదో చెప్పే కోడ్, జవాబులు మోసే బండి కాదు. ఈ జ్ఞానం నాకు రాత్రి పడుకోబోయే ముందు కలిగింది. వైవా పొద్దున.

"సరే, 128 ప్లస్ 128 చూపించు" అన్నారు. ఆ అంకెలు ఎంచుకున్నప్పుడే ఆయనకు సంగతంతా తెలుసని నాకు అర్థం కావాల్సింది. చూపించాను. సున్నా. "సున్నా అంటే సక్సెస్ కోడ్ సార్" అన్నాడు మా బ్యాచ్‌మేట్, సాయం చేస్తున్నాననుకుని.

గైడ్ సారు అప్పుడు నోరు విప్పారు. "ప్రింట్‌ఎఫ్ పెట్టమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను సార్, ఈ కాలం పిల్లలు వినరు."

తర్వాతి బ్యాచ్‌ది ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్. ఏటా అదే ప్రాజెక్ట్. పనిచేసింది కూడా.