ఖాళీ బడి తాళం ఎవరి దగ్గరుండాలి?

నల్లగొండ జిల్లా దేవరకొండ దాటాక ఒక తండాలో ప్రాథమిక బడి ఉంది. రెండు గదులు, ముందు వరండా, పక్కన మధ్యాహ్న భోజనం వండిన రేకుల షెడ్డు. మొన్న వెళ్లేసరికి వరండా నిండా పత్తి బస్తాలు. కిటికీలోంచి తొంగిచూస్తే గోడ మీద గుణింతాల చార్టు, దాని కింద చెదలు పట్టిన బెంచీ. బోరు మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే సార్ దగ్గరని ఒకరు, మండల ఆఫీసులోనని ఇంకొకరు చెప్పారు. ఆ సార్‌ను వేరే ఊరి బడికి సర్దుబాటు చేసి చాలా కాలమైంది.

కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన 2024-25 లెక్కల్లో ఒక్క పిల్లాడూ లేని సర్కారు బడులు దేశం మొత్తం మీద 5,149. వాటిలో 2,081 తెలంగాణవి. రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ నల్లగొండ జిల్లాలోనే, 315. కారణాలు ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు: ప్రైవేటు బడి బస్సు, గురుకులాల సీట్లు, వలస. సర్కారు బళ్లన్నిటిలో ఇంగ్లీష్ మీడియం 2022లో మొదలైంది గానీ అప్పటికే చాలామంది పిల్లలు బస్సెక్కేశారు.

అసలు చిక్కు కాగితాల్లో ఉంది. అధికారుల మాటల్లో ఈ బడులు మూతపడలేదు, పిల్లలొస్తే తెరుస్తారు. ఆ మాట మంచిదే, నేనూ అదే కోరుకుంటాను. కానీ బడికిచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. పిల్లలు లేకపోతే సున్నం వేయడానికీ డబ్బులుండవు. మూసినట్టు కాదు కాబట్టి ఇంకొకరికి అప్పగించరు. ఈలోగా స్లాబ్ ఉరుస్తుంది.

నా మట్టుకు మొదటి హక్కు అంగన్‌వాడీది. ఎన్నో అంగన్‌వాడీలు ఇరుకు అద్దె ఇళ్లల్లో నడుస్తున్నాయి. మూడేళ్ల పిల్ల రోజూ ఈ గదికి అలవాటుపడితే, ఈడొచ్చాక పక్క గదిలో ఒకటో తరగతికి కూర్చోబెట్టడం తల్లికి తేలిక. బడి మళ్లీ తెరుచుకునే దారి ఏదైనా ఉందంటే అదే. 2018లో పంచాయతీలైన తండాల్లో సొంత ఆఫీసు లేనివి చాలా ఉన్నాయి, వాటికి రెండో గది ఇవ్వొచ్చు. నారాయణపేట, కోస్గి వైపు సంగతి వేరు. తల్లిదండ్రులు ముంబై, పుణె పనులకు పోతే పిల్లలు అవ్వ దగ్గరే ఉండిపోతారు, లేదంటే చదువు మాని వెంట పోతారు. అక్కడ ఈ గదులు సీజనల్ హాస్టల్, అంటే వలస నెలల్లో పిల్లలు ఉండి చదువుకునే చోటు, కావాలి. అందుకే హైదరాబాద్ నుంచి అన్ని ఊళ్లకూ ఒకే జీవో పనికిరాదు.

అమ్మకాన్ని మాత్రం ఒప్పుకోను, ప్రైవేటు లీజునూ ఒప్పుకోను. చాలా బడుల జాగాలు ఊరి రైతులు పిల్లల చదువు కోసమని ఇచ్చినవి. ఒకసారి చేతులు మారితే తిరిగిరావు.

2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులు గ్రామసభలో తీర్మానం రాయించాలి. ఏ గది ఎవరికి, రిపేరు ఎవరిది, తాళం ఎవరి పేరున, పిల్లలు చేరితే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి, అన్నీ అందులో ఉండాలి.

ఆ తండాలో ఒకటో తరగతి ఈడు పిల్లలెందరని అడిగితే ఒక అవ్వ వేళ్ల మీద లెక్కపెట్టి నలుగురంది. నలుగురూ పొద్దున ఏడున్నరకే, తాళం వేసిన ఆ బడి ముందు నిలబడి బస్సెక్కుతున్నారు.