ఏ ఆత్మకూరు బావా?

పోయిన మాఘమాసంలో మా బావ చుట్టాల పెండ్లికని పోయి, అక్షింతలేసి, కట్నం రాయించి, కడుపునిండా తిని ఇంటికొచ్చాడు. లోటు ఒక్కటే. అది మా చుట్టాల పెండ్లి కాదు.

శుభలేఖలో 'ఆత్మకూరు' అనే ఉంది. నల్లగొండలో బండెక్కి ఫోన్‌లో మ్యాపు నొక్కాడు. పెండ్లేమో సూర్యాపేట పక్కన. మ్యాపు తీసుకుపోయి జూరాల దగ్గరి వనపర్తి జిల్లా ఆత్మకూరులో దింపింది. దేవరకొండ, కల్వకుర్తి బోర్డులు చూసైనా అనుమానం రాలేదా అని అక్క నిలదీస్తే, "షార్ట్‌కట్ అనుకున్న" అన్నాడు. కాలువ కనబడితే మూసీ కాలువే అనుకున్నాడట.

ఫంక్షన్ హాల్లో పన్నీరు చల్లి, ఎవరి తరఫని అడిగారు. పిల్లోడి తరఫన్నాడు. వాళ్లు నమ్మారు. మైకులో "నల్లగొండ నుంచి వచ్చిన బావగారు, వెయ్యి నూట పదహార్లు" అని చదివితే లేచి దండం కూడా పెట్టాడు. పెండ్లికొడుకు పొడుగెక్కాడనుకున్నాడు, రంగు తేలాడనుకున్నాడు. బగార అన్నం రెండోసారి వడ్డిస్తుంటే గానీ ఎదురుగా బ్యానర్ మీది పేర్లు చదవలేదు. విషయం చెబితే పెండ్లికొడుకు తల్లి నవ్వి, "ఏ ఆత్మకూరైతేంది అన్నా, ఇంత మటన్ ఏస్కో" అన్నదట. వేసుకున్నాడు. కట్నం వాపసు అడగడానికి నోరు రాలేదు. మొన్న ఆ ఇంట్లో ఇరవై ఒకటో రోజు చేస్తే బావకు ఫోనొచ్చింది. అసలు చుట్టాలు మాత్రం ఇప్పటికీ మాట్లాడటం లేదు.

ఆత్మ ఒక్కటేనని వేదాంతులంటారు. ఆత్మకూర్లు మాత్రం ఆ పేరున్న మండలాలు లెక్కేసుకున్నా ఏడు తేలుతున్నాయి. వనపర్తి, సూర్యాపేట, యాదాద్రి, హనుమకొండ జిల్లాల్లో నాలుగు. ఆంధ్రలో నెల్లూరు, నంద్యాల, అనంతపురం జిల్లాల్లో మూడు. ఒక్క నిజాం పేరును మహబూబ్‌నగర్, మహబూబాబాద్ చెరి సగం పంచుకుంటేనే పార్సిళ్లు దారి తప్పుతుంటే, ఏడింటి సంగతి చెప్పాలా? (గాంధీనగర్ల జోలికి నేను పోను. నాకూ పనులున్నాయి.)

ఈ ఏడింటిలో రెండు ఒకప్పుడు మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. మేధావులు కూర్చుని ఆలోచించి ఒకదానికి 'ఎం', ఇంకోదానికి 'ఎస్' అని బ్రాకెట్లో తగిలించారు, పొలానికి సర్వే నంబరిచ్చినట్టు. 2016 దసరాకు జిల్లాలు చీలి, అదొక జిల్లాకు, ఇదొక జిల్లాకు పోయాయి. బ్రాకెట్లు మాత్రం ఊడలేదు. ఊరికి చెరువుంటుంది, గుట్ట ఉంటుంది, గుడి ఉంటుంది. వాటిలో ఏదో ఒకటి పేరు ముందు పెట్టొచ్చని ఒక్కరికీ తోచలేదు. తెలుగు ఊళ్లను విడదీయడానికి ఇంగ్లీషు అక్షరమే కావాల్సి వచ్చింది.

మా పెద్దమ్మది ఆ రెంటిలో ఒకటి. ఏదో చెప్పను. పెదనాయన పోయాక కాగితాలకని ఆఫీసుకు పోతే, "ఎమ్మా, ఎస్సా?" అన్నారు. బడి మొహం చూడని మనిషి. ఏ అక్షరమని చెబుతుంది? "చెరువు కింది ఆత్మకూరు బిడ్డా" అంది. ఎవడో వాడికి తోచిన అక్షరం కొట్టాడు. ఫైలు రెండో ఊరికి పోయింది. ఆర్నెల్లు తిరిగింది ఆ ముసలామె! తప్పు అక్షరం కొట్టినవాడు కుర్చీలోంచి లేవలేదు, మోకాళ్లు అరిగింది ఈమెకు. చివరిసారి నేనూ వెంట పోయాను. గుమస్తా తల కూడా ఎత్తలేదు.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కదమ్మా. ఇంకోసారి రా."