ఊలు ఉండ మీది లేబుల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లేబుల్ గారి దివ్యసముఖమునకు, ఒక చేత సూదులు, ఇంకో చేత క్రోషియా కొక్కెం పట్టుకున్న సామాన్యురాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. ఉండ నడుముకు బిగుసుకుని కూర్చున్న తీరు చూస్తే మీరూ క్షేమమేనని తెలుస్తోంది. ఉభయకుశలోపరి.

ముందుగా మీ రచనాశైలిని మెచ్చుకోవాలి. ముందువైపు బొద్దుగా ఒక గొర్రెపిల్ల, దాని కింద ‘అల్ట్రా సాఫ్ట్’, ‘ప్రీమియం’, ‘ఊలు మిశ్రమం’. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి: అక్రిలిక్ 90 శాతం, ఊలు 10 శాతం. పదో వంతు వాటా ఉన్న గొర్రె నిలువెత్తు ఫొటోకి నిలబడింది. మిగతా అక్రిలిక్ అంతా పుట్టింది పెట్రోలియం నుంచే, దానికి కనీసం ఒక చుక్క బొమ్మ కూడా లేదు. వాటాల లెక్కే తీస్తే గొర్రెకు ఒక చెవి, ఒక కాలు గీస్తే సరిపోయేది కదండీ.

ఇక మీ ‘మెత్తన’ గురించి. మేం ఉండను చేత్తో నలిపి చూసి, ఆహా అనుకుని బుట్టలో వేసుకుంటామని మీకు బాగా తెలుసు. కానీ పోగు గుచ్చుకుంటుందో లేదో వేలికొసలకు సరిగ్గా తెలియదు, అక్కడి చర్మం మందం. మెడ కింద పెట్టుకుని చూడాలి, లేదా ముంజేతి లోపలివైపు రుద్దాలి. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన లావుపాటి పోగుల మొనలు చర్మాన్ని పొడుస్తాయి. ‘నాకు ఊలు పడదండీ’ అనేవాళ్లలో చాలామందిని ఇబ్బంది పెడుతున్నవి ఆ మొనలే. మెరినో అనే జాతి గొర్రె పోగు మామూలుగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది కాబట్టి వంగిపోతుంది, గుచ్చదు. ఆ మైక్రాన్ల అంకె ఒక్కటి వేస్తే మీ సొమ్మేం పోయింది? దాని బదులు ‘మబ్బులాంటి స్పర్శ’ అని రాశారు. మబ్బుని ముట్టుకున్నవాళ్లెవరో కాస్త చెప్పండి.

పైగా మెత్తదనం ఊరికే రాదు. సన్నటి పోగుల్ని పురి తక్కువ వేసి ఒంటిపేటగా వడికితే ముట్టుకోవడానికి బాగుంటుంది, నాలుగుసార్లు తొడిగేసరికి చంకల దగ్గర ఉండలు కడుతుంది. అదే దారంతో మేజోళ్లు అల్లితే మడమ దగ్గర చిల్లు పడటానికి ఎంతో కాలం పట్టదు. మేజోళ్ల దారంలో ముప్పాతిక ఊలు, పాతిక నైలాన్ కలిపి గట్టిగా పురి పెట్టేది అందుకే. ఈ ముక్క మీ మీద కనబడదు. ‘అన్ని రకాల అల్లికలకూ అనువైనది’ అని మాత్రం కనబడుతుంది.

అన్ని రకాలకూ అనువైన పోగు ఈ భూమ్మీద లేదండీ. పత్తినే తీసుకోండి. చల్లన, తడిస్తే ఇంకా బలం, తువ్వాళ్లకూ వంటింటి గుడ్డలకూ దాన్ని మించింది లేదు. కానీ సాగి మళ్లీ వెనక్కి రావడం దానికి చేతకాదు. ఊలు పోగులో పుట్టుకతోనే ముడతలుంటాయి కాబట్టి లాగి వదిలితే ముడుచుకుంటుంది. పత్తి లాగిన చోటే ఉండిపోతుంది. పొడుగు చేతుల పత్తి స్వెట్టర్ అల్లి హ్యాంగర్‌కి తగిలిస్తే, దాని బరువుకి అదే దిగుతూ దిగుతూ, నడుం దాకా అనుకున్నది తొడల దాకా వస్తుంది. దక్షిణ అమెరికా జంతువు అల్పాకా బొచ్చుదీ ఇంచుమించు ఇదే వరస. వెచ్చదనంలో వంక పెట్టలేం, ఆకారం నిలబెట్టుకోవడంలో మాత్రం బద్ధకం. శాలువాకైతే ఆ జారుడే అందం, మణికట్టు పట్టీకైతే అదే శాపం.

వెదురు దారం మీద మీరు వేసే పచ్చటి పొద చూస్తే నవ్వొస్తుంది. ఆ ఉండల్లో చాలావాటిలో ఉన్నది వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి పోగులుగా తీసిన రేయాన్. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే, ఇలాంటి బట్టల్ని వెదురు పేరుతో అమ్ముతున్న కొన్ని కంపెనీల మీద చర్య తీసుకుంది. రేయాన్‌ని రేయాన్ అనే చెప్పాలంది. రేయాన్ చెడ్డదని నేననడం లేదు, జారుతూ మెరుస్తూ వేసవి పైటలకి బాగానే ఉంటుంది. మరి పొద దేనికి?

‘మెషిన్ వాష్’ అని గర్వంగా రాసుకున్న మెరినో సంగతీ అంతే. ఊలు పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్లలో గుంజితే అవి ఒకదానికొకటి తగులుకుని, పెద్దవాళ్ల స్వెట్టర్ బొమ్మ కొలతకి వస్తుంది. అలా జరగకుండా చాలావరకు క్లోరిన్‌తో ఆ పొలుసుల్ని అరగదీసి, పైన పలచగా రెజిన్ పూత వేస్తారు. చాలా ఉపయోగమే, చంటిపిల్లల బట్టలకి నేనూ అదే కొంటాను. కాకపోతే పొలుసుల పట్టు పోయిన దారం తడిస్తే బాగా సాగుతుంది. ‘ఉతికాక కొలత మారును’ అని రాయడానికి మీ మీద చోటు లేదు, ‘లగ్జరీ’ రెండుసార్లు రాయడానికి ఉంది.

అక్రిలిక్‌ని చిన్నచూపు చూసేవాళ్ల గుంపులో నన్ను కలపకండి. చిమ్మెట కొట్టదు, రంగు నిలుస్తుంది, ఉతకడం తేలిక, పెద్ద దుప్పటి అల్లాలంటే జేబుకి భారం కాదు. కానీ దాని మీద వేడి ఇస్త్రీ పెట్టి చూడండి. ఉబ్బెత్తుగా ఉన్న కుట్లు చప్పబడతాయి, పైన ఒక నూనె మెరుపు వస్తుంది, పట్టీ లాగితే మళ్లీ ముడుచుకోదు. ఇక ఆ పోగుని మళ్లీ బతికించలేరు. అదే దారంతో వేడి గిన్నెలు దించే గుడ్డ అల్లితే కరిగి చేతికి అంటుకునే ప్రమాదం. బ్రిటన్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు 2016లో లెక్కగట్టింది ఇంకొకటుంది: ఆరు కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా సన్నటి పోగులు నీళ్లలో కలిసిపోవచ్చు. మీ మీది ‘ప్రకృతి నేస్తం’ ఆకు గుర్తు ఈ లెక్క చూడలేదనుకుంటాను.

మోహేర్, అంటే అంగోరా మేక బొచ్చు, ఉండ మీద ఉండాల్సిన హెచ్చరిక మాత్రం ఒక్కటే: తప్పు అల్లితే విప్పడం మీ తరం కాదు. నూగు నూగుతో మెలేసుకుని, కత్తెరే గతి.

కాబట్టి ఇకమీదట మన మధ్య ఏర్పాటు ఇది. మీరు రాసుకునేది రాసుకోండి. నేను మాత్రం జానెడు నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరేసి, ముందూ వెనకా కొలిచి గానీ అసలు పని ఎత్తుకోను. మీరు ఊడిపోయిన ఉండ దొరికితే ఒక పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని మంట దగ్గర పెడతాను. వెంట్రుక కాలిన కంపు కొట్టి దానంతట అదే ఆరిపోతే ఊలు. కాగితంలా మండి బూడిదైతే పత్తో, రేయానో. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్ లాంటిదేదో. ఆ పరీక్షలో గొర్రె బొమ్మకి మార్కులుండవు.

ఇట్లు,
మిమ్మల్ని వెనకనుంచి చదివే ఒక అల్లికదారు

తా.క.: మీ మూలన ఉన్న రంగు లాట్ నంబరుని (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకిచ్చే అంకెని) ఏమీ అనలేదని గమనించండి. ఒకే నంబరు ఉండలు కొనకపోతే స్వెట్టర్ వీపున చార పడుతుందని ఆ అంకె నిజమే చెబుతుంది. దాన్ని కాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి. చోటు చాలకపోతే గొర్రెని కొంచెం జరగమనండి.